నిన్న రాసినది ఈరోజు లేదు, లిబ్రేఆఫీస్ కూడా మెనూలో లేదు: పప్పీ లినక్స్ చర్చ

పాతపెట్టె
2 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ నాది. హార్డ్‌డిస్క్ ఎప్పుడో పోయింది, పెన్‌డ్రైవ్ మీదనే పప్పీ లినక్స్ (పాత కంప్యూటర్ల మీదా నడిచే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్) వెర్షను ఫోస్సాపప్64 9.5 నడుపుతున్నాను. పెన్‌డ్రైవ్ ఫార్మాట్ ఫ్యాట్32, అందులో నా పనీ సెట్టింగులూ దాచే 1 జీబీ సేవ్ ఫైలు. మూడు వారాలు హాయిగా గడిచాయి. పది రోజులుగా రెండు చిక్కులు. నిన్న రాసి దాచిన ఉత్తరం ఈరోజు వెతికితే కనిపించదు. ఎస్ఎఫ్ఎస్‌గా (ప్రోగ్రామంతా కుదించి పెట్టిన ఒకే ఫైలుగా) ఎక్కించిన లిబ్రేఆఫీస్ మెనూలోంచి మాయమవుతోంది. రెండు చిక్కులకూ సంబంధం ఉందో లేదో తెలియదు. పెన్‌డ్రైవ్ చెడిపోతోందా?

నిశాచరి
పవర్ బటన్ నొక్కి ఆపేస్తున్నారేమో చూడండి. పెన్‌డ్రైవ్ నుంచి నడిచే పప్పీ మామూలుగా పప్‌మోడ్ 13 అనే పద్ధతిలో ఉంటుంది. మీరు చేసే మార్పులు వెంటనే సేవ్ ఫైలులోకి వెళ్ళవు, ముందు ర్యామ్‌లో ఉంటాయి. అరగంటకోసారి, షట్‌డౌన్ చేసేటప్పుడు, లేదా డెస్క్‌టాప్ మీది సేవ్ బొమ్మను నొక్కినప్పుడు మాత్రమే పెన్‌డ్రైవ్ మీదికి దిగుతాయి. మాటిమాటికీ రాస్తే పెన్‌డ్రైవ్ అరిగిపోతుందని ఈ ఏర్పాటు. నేను ఇరవై నిమిషాల పని ఇలాగే రెండుసార్లు పోగొట్టుకున్నాను. రెండోసారి తిట్టుకోవడానికి కూడా ఎవరూ దొరకలేదు.

పాతపెట్టె
లేదండీ, మెనూలోంచే షట్‌డౌన్ చేస్తాను. సేవ్ చేస్తున్నట్టు తెర మీద కనిపిస్తుంది కూడా.

గట్టుమీద
అయితే ఊహలు పక్కన పెట్టి, ముందు తప్పు ఏ పొరలో ఉందో తేల్చుకుందాం. పప్పీలో మీకు కనిపించే ఫైళ్ళన్నీ ఒకే చోట ఉండవు. కింద మార్చడానికి వీల్లేని ప్రధాన ఎస్ఎఫ్ఎస్ ఉంటుంది, దానికీ కింద మీరు జతచేసిన ఎస్ఎఫ్ఎస్‌లు. వాటి పైన మీ సేవ్ ఫైలు పరుచుకుని ఉంటుంది. ఒకే పేరుతో ఒక ఫైలు రెండు పొరల్లో ఉంటే పైదే కనిపిస్తుంది, కిందిది ఉన్నా లేనట్టే.

బూట్ మెనూలో కర్నల్ లైను చివర పీఫిక్స్=ర్యామ్ అని చేర్చి ఒకసారి లేపండి. అప్పుడు సేవ్ ఫైలును ముట్టుకోకుండా కొత్త పప్పీలాగా లేస్తుంది. ఆ స్థితిలో అంతా సవ్యంగా నడిస్తే ప్రధాన ఎస్ఎఫ్ఎస్ బాగానే ఉన్నట్టు, తప్పు చాలావరకు మీ పై పొరలోనే. తర్వాత మామూలుగా లేపి, సేవ్ ఫైలులో ఎంత ఖాళీ ఉందో చూసి చెప్పండి.

వేపచెట్టు
ఖాళీ సంగతి తప్పకుండా చూడండి. నాది 512 ఎంబీ ఉన్నప్పుడు బ్రౌజర్ క్యాషే సగం మింగేసింది. చోటు కోసం నేను చేసిన తెలివైన పని ఇంకోటి ఉంది: పప్పీతోపాటు వచ్చిన, నాకు అక్కరలేని ప్రోగ్రాములను తొలగించాను. ఒక్క ఎంబీ చోటు కూడా కలిసిరాలేదు. అవి ఉండేది ప్రధాన ఎస్ఎఫ్ఎస్‌లో, దాన్ని చెరపలేం. మనం తొలగిస్తే సేవ్ ఫైలులో "ఇది కనిపించకూడదు" అని ఒక గుర్తు పడుతుంది, అంతే. ఆ ఫైళ్ళ పేర్లు చుక్కతో మొదలై డబ్ల్యూహెచ్ అని ఉంటాయి. తర్వాత కొత్త వెర్షనుకు మారాక, తొలగించిన ప్రోగ్రాముల్లో ఒకటి కావలసివచ్చింది. కొత్త ఎస్ఎఫ్ఎస్‌లో అది ఉంది, మెనూలో లేదు. నా పాత గుర్తు దాన్ని ఇంకా కప్పి ఉంచింది. ఆ గుర్తును చెరిపి మళ్ళీ లేపితే వచ్చి కూర్చుంది. ఒక సాయంత్రమంతా దానికే పోయింది.

ఇంకోమాట. సేవ్ ఫైలును పెద్దది చేయమని చెబితే అక్కడికక్కడే పెరగదు, మళ్ళీ బూట్ అయ్యేటప్పుడు పెరుగుతుంది. ఫ్యాట్32 మీద 4 జీబీ దాటదు.

సున్నా_ఒకటి
లిబ్రేఆఫీస్ గురించి నేను చెబుతాను. ఎస్ఎఫ్ఎస్ అనేది పెట్ ప్యాకేజీ (పప్పీ సొంత ఇన్‌స్టాల్ ప్యాకేజీ) లాగా సేవ్ ఫైలులోకి విడిపోదు. పెన్‌డ్రైవ్ మీద తనంత తాను ఒక ఫైలుగానే ఉండి, పొరగా జతపడుతుంది. అందుకే పెద్ద ప్రోగ్రాములకు పెట్ కంటే ఎస్ఎఫ్ఎస్ మేలని నా అభిప్రాయం. బూట్‌లో ఏయే ఎస్ఎఫ్ఎస్‌లను జతచేయాలో ఆ జాబితా మాత్రం సేవ్ ఫైలులో, ఈటీసీ కింద ఆర్‌సీ.డీ ఫోల్డర్‌లోని బూట్‌కాన్ఫిగ్ అనే ఫైలులో ఉంటుంది. మీరు ఆ ఎస్ఎఫ్ఎస్‌ను వేరే చోటికి జరిపినా, పేరు మార్చినా జాబితాలో పేరుంటుంది, పొర రాదు. ముందు అది చూడండి.

ఒక్కోసారి పొర జతపడినా మెనూ మాత్రం పాతదే ఉంటుంది. టెర్మినల్‌లో ఫిక్స్‌మెనూస్ ఆదేశం నడిపి, డెస్క్‌టాప్ మెనూను మళ్ళీ లోడ్ చేస్తే సరిపోతుంది. మెనూలో ఉండి, నొక్కితే తెరుచుకోకపోతే అది వేరే జబ్బు. టెర్మినల్‌లోంచి నడిపితే తప్పేమిటో అక్షరాలా చెబుతుంది. ఎల్‌డీడీ ఆదేశంతో చూస్తే ఏ లైబ్రరీ దొరకలేదో తెలుస్తుంది. 32 బిట్ పప్పీకి చేసిన ఎస్ఎఫ్ఎస్‌ను 64 బిట్‌లో ఎక్కించి మూడు గంటలు కూర్చున్న ఘనుణ్ణి నేను. డెవెక్స్ (ప్రోగ్రాములు కంపైల్ చేసే పరికరాల ఎస్ఎఫ్ఎస్) విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి, అది అచ్చంగా మీ పప్పీ వెర్షనుదే అయి ఉండాలి.

పాతపెట్టె
అందరికీ ధన్యవాదాలు. పీఫిక్స్=ర్యామ్‌తో బాగానే లేచింది. సేవ్ ఫైలులో 400 ఎంబీ దాకా ఖాళీ ఉంది. లిబ్రేఆఫీస్ ఎస్ఎఫ్ఎస్ పెట్టిన చోటే ఉంది, పేరూ అదే. బూట్‌కాన్ఫిగ్ తెరిచాను. ఆ జాబితాలో లిబ్రేఆఫీస్ పేరే లేదు! నేను చేర్చిన మాట నిజం. ఇంకో విచిత్రం, కొన్ని రోజులు అన్నీ ఉంటాయి. మొన్న లిబ్రేఆఫీస్ వచ్చింది, ఉత్తరమూ కనిపించింది. నిన్న రెండూ లేవు. డెస్క్‌టాప్ బొమ్మ కూడా పాతది వచ్చింది.

గట్టుమీద
చెడిపోయిన ఫైలు సిస్టమ్ ఇంత క్రమశిక్షణతో చెడదు. ఉంటే అన్నీ ఉంటున్నాయి, పోతే అన్నీ కలిసి పోతున్నాయి. బూట్ అయ్యేటప్పుడు నల్లతెర మీద ఏదైనా అంకె నొక్కమని అడుగుతోందా?

పాతపెట్టె
అడుగుతోంది. 0 అంటే ఏదీ వద్దు, 1, 2 అని వస్తుంది. పది రోజుల కిందట జాగ్రత్త కోసం సేవ్ ఫైలుకు నకలు తీసి, పేరు చివర "బ్యాకప్" అని చేర్చి పక్కనే పెట్టాను. అప్పటినుంచి అడుగుతోంది. రెండూ ఒకటే కదా అని ఏ అంకె మీద చెయ్యి పడితే అది నొక్కుతున్నాను.

నిశాచరి
దొరికాడు దొంగ.

గట్టుమీద
నకలు తీసిన క్షణం వరకే అవి ఒకటి. ఆ తర్వాత మీరు 1 నొక్కిన రోజుల పని ఒకదానిలో, 2 నొక్కిన రోజుల పని ఇంకోదానిలో పేరుకుంది. ఎస్ఎఫ్ఎస్‌ల జాబితా కూడా సేవ్ ఫైలులోదే కాబట్టి అదీ రెండుగా చీలింది. లిబ్రేఆఫీస్‌ను నకలు తీశాక చేర్చి ఉంటారు, అవునా? పప్పీ పేరు మొదటి భాగం చూసి సేవ్ ఫైళ్ళను గుర్తుపడుతుంది. మీరు చివర ఏం చేర్చినా దానికి ఇంకో సేవ్ ఫైలే.

ఇప్పుడు తొందరపడి ఏదీ చెరపకండి. లిబ్రేఆఫీస్ ఉన్న సేవ్ ఫైలుతో లేపండి. తర్వాత ఫైల్ మేనేజర్‌లో మౌంట్ హోమ్‌కు (పెన్‌డ్రైవ్ మీది ఫైళ్ళు నేరుగా కనిపించే ఫోల్డర్‌కు) వెళ్ళి రెండో సేవ్ ఫైలు మీద నొక్కండి, అది మౌంట్ అయి లోపలి ఫోల్డర్లు తెరుచుకుంటాయి. రూట్ ఫోల్డర్‌లోంచి మీరు రాసిన ఉత్తరాలను, పత్రాలను మాత్రమే బయటికి తీసుకోండి. చుక్కతో మొదలయ్యే సెట్టింగుల ఫోల్డర్లను మొత్తంగా ఎత్తి పోయకండి, అప్పుడు నిజంగానే గందరగోళం అవుతుంది. పని అయ్యాక మళ్ళీ నొక్కి అన్‌మౌంట్ చేయండి. నకలును వేరే డిస్కుకు తరలించండి, పేరు మొదట్లో "పాతది" లాంటి మాట చేర్చండి. ఇక మీదట నకలు తీసేటప్పుడు పీఫిక్స్=ర్యామ్‌తో లేపి తీయండి. వాడుకలో ఉన్న సేవ్ ఫైలును నకలు చేస్తే సగంలో ఉన్న రాతలు కూడా అలాగే సగంలో వస్తాయి.

వేపచెట్టు
ఉత్తరాలు అసలు సేవ్ ఫైలులో ఎందుకండీ? మౌంట్ హోమ్‌లో నేరుగా పెన్‌డ్రైవ్ మీదనే ఒక ఫోల్డర్ చేసుకోండి. అప్పుడు ఏ అంకె నొక్కినా, సేవ్ ఫైలు పాడైనా అవి చెక్కుచెదరవు. లినక్స్ ఫార్మాట్ అయిన ఈఎక్స్‌టీ4 విభాగం ఉంటే సేవ్ ఫైలు బదులు సేవ్ ఫోల్డర్ పెట్టుకోవచ్చు, ఆ విభాగం నిండేదాకా చోటు చాలని బెడద ఉండదు. ఫ్యాట్32 మీద కుదరదు, లినక్స్ అనుమతులనూ సింబాలిక్ లింకులనూ అది మోయలేదు.

పాతపెట్టె
అయింది. నకలు వేరే పెన్‌డ్రైవ్‌కు వెళ్ళింది, బూట్‌లో ఇప్పుడు అంకె అడగడం లేదు, లిబ్రేఆఫీస్ వరుసగా నాలుగుసార్లు వచ్చింది. ఉత్తరాలు కూడా మౌంట్ హోమ్‌కు మార్చాను. ఒక్కటే మిగిలింది. ఆ పెద్ద ఉత్తరం రెండింటిలోనూ ఉంది, ఒకే పేరుతో. ఒకదానిలో మొదటి రెండు పేజీలు దిద్ది ఉన్నాయి, ఇంకోదానిలో దిద్దకుండా మూడో పేజీ రాసి ఉంది. రాత్రికి కూర్చుని రెండూ పక్కపక్కన పెట్టుకుని అతికించాలి.