రెండే కొత్త టైర్లు: వానాకాలం కోసం ముందు చక్రాలకు వేయాలా, వెనక చక్రాలకు వేయాలా?

కొత్తలైసెన్స్:
మాది ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు. ముందు టైర్లు రెండూ బాగా అరిగాయి, వెనకవి ఫరవాలేదు. వానలు మొదలయ్యేలోపు మార్చాలి, కానీ ఇప్పటికి రెండే కొనగలను. టైర్ల షాపతను కొత్తవి వెనక వేస్తానంటున్నాడు. అరిగింది ముందువైతే కొత్తవి వెనక వేయడమేమిటి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

మట్టిరోడ్డు:
ముందే వేయించు తమ్ముడూ. ఇంజన్ బరువు ముందు, లాగేది ముందు, తిరిగేది ముందు. బ్రేక్ తొక్కితే భారమంతా వచ్చి పడేదీ ముందు టైర్ల మీదే. వెనకవి ఊరికే దొర్లుకుంటూ వస్తాయి. ఇరవై ఏళ్ళకు పైగా నడుపుతున్నాను, చాలా ఏళ్ళుగా ముందే వేయిస్తున్నాను.

వానదారి:
దయచేసి వెనకే వేయించండి. మిషెలిన్, బ్రిడ్జ్‌స్టోన్, కాంటినెంటల్ లాంటి టైర్ల కంపెనీలే ఈ మాట చెబుతున్నాయి, అదీ ఫ్రంట్ వీల్ డ్రైవ్ బండ్లకు కూడా. తడి రోడ్డు మీద ముందు టైర్లు జారితే బండి తిరగకుండా నేరుగా పోతుంది. భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తాం, బరువు ముందుకొస్తుంది, చాలాసార్లు పట్టు మళ్ళీ దొరుకుతుంది. వెనక టైర్లు జారినప్పుడు అదే భయంతో అదే పని చేస్తే వెనక భాగం ఇంకా తేలికై బండి గిర్రున తిరిగిపోతుంది. దాన్ని సరిచేయాలంటే వెనక ఎటు జారుతుంటే స్టీరింగ్ అటే, అదీ క్షణంలో తిప్పాలి. అలవాటు లేనివాళ్ళ వల్ల కాదు.

గాలిమర:
వానైనా ఎండైనా మొదట టైర్లలో గాలి సరిచూసుకోండి. ఎండాకాలంలో నేను నాలుగైదు పీఎస్‌ఐ తగ్గించే నడుపుతాను, లేకపోతే టైరు పేలుతుంది.

మట్టిరోడ్డు:
వానదారి గారూ, కంపెనీలు చెప్పింది నేనూ చదివాను. కానీ గుండు టైర్లు ముందు పెట్టుకుని వానలో బ్రేక్ తొక్కి చూశారా ఎప్పుడైనా? నేను తొక్కాను. ముందు లారీ ఆగింది, నా బండి ఆగలేదు. వెనక సీట్లో పిల్లలు. స్టీరింగ్ తిప్పితే బండికి నా మాట వినబడనట్టే ఉంది. ఆఖరి క్షణంలో రోడ్డు పక్క మట్టిలోకి దిగి ఆగింది కాబట్టి ఈ మాటలు రాస్తున్నాను. అప్పటికి వెనక టైర్లు దాదాపు కొత్తవి. ఏం లాభం?

టార్క్‌రెంచ్:
ఇక్కడ ఒక పొరపాటు జరుగుతోంది. కొత్తవి వెనక వేయడమంటే గుండు టైర్లు ముందు ఉంచేయడం కాదు. అరిగిన ముందువి తీసి పారేస్తాం, వెనక ఉన్న సగం అరిగినవి ముందుకు వస్తాయి, కొత్తవి వెనకకు వెళతాయి. నేను రోజూ చేసే పని ఇదే. గాడుల అడుగున చిన్న దిమ్మలు ఉంటాయి, వాటి ఎత్తు 1.6 మి.మీ. టైరు వాటి దాకా అరిగితే ముందు కాదు, వెనక కాదు, బండికే పనికిరాదు. కొత్త టైరులో గాడి లోతు 8 మి.మీ. దగ్గర ఉంటుంది. వాన కోసమైతే 3 మి.మీ. దగ్గరే మార్చేయమంటాను నేను.

గాలిమర గారూ, మీరు చేస్తున్నది ప్రమాదం. గాలి తక్కువైతే టైరు పక్కగోడలు ఎక్కువ వంగుతాయి, ఆ వంగడంలోనే వేడి పుడుతుంది. పేలేది అందుకే.

కిటికీసీటు:
కొత్త కార్లలో ఈఎస్‌సీ, అంటే బండి జారిపోకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఉంది కదా, ఇంకా ఈ గొడవ ఎందుకు?

వానదారి:
ఈఎస్‌సీ ముఖ్యంగా చేసేది ఒక్కో చక్రానికి విడిగా బ్రేక్ వేయడమే. టైరు నీటి మీద తేలిపోతే ఏ చక్రానికి వేసి ఏం లాభం? పట్టు ఇవ్వాల్సింది రబ్బరే.

మట్టిరోడ్డు:
టైర్లు ఎలా మారుస్తారో నాకు తెలుసు టార్క్‌రెంచ్ గారూ. నేనడిగేది వేరు. నేరుగా పోయేటప్పుడు నీటిని మొదట చీల్చేది ముందు టైర్లు. వెనకవి ఆ తుడిచిన దారిలో వస్తాయి. కష్టపడేవాటికి సగం అరిగినవి, సుఖంగా వచ్చేవాటికి కొత్తవీనా? ఇదెక్కడి న్యాయం?

టార్క్‌రెంచ్:
నేరుగా పోయేటప్పుడు మీరన్నది నిజమే, కాదనను. కానీ వంపులో వెనక చక్రం ముందు చక్రం జాడలో నడవదు, లోపలి వైపు కోసుకుంటూ వస్తుంది. అక్కడ ఎవరూ తుడిచిపెట్టని నీళ్ళే దాని కిందికి వస్తాయి. బండి తిరిగిపోయేది కూడా అక్కడే.

గాలిమర:
వేడికి గాలి పెరుగుతుంది కదండీ, అందుకే తగ్గిస్తాను. ఇందులో తప్పేముంది?

టార్క్‌రెంచ్:
పెరుగుతుంది. 10 డిగ్రీల తేడాకి ఒకటిన్నర, రెండు పీఎస్‌ఐ మారుతుంది. కంపెనీవాళ్ళు డ్రైవర్ తలుపు దగ్గర అంటించిన అంకె చల్లటి టైరుకి చెప్పింది, నడిస్తే పెరుగుతుందని తెలిసే చెప్పింది. పొద్దున బండి తీయకముందు చూసి అంతే ఉంచండి. 2000లో అమెరికాలో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ట్రెడ్, అంటే రోడ్డుకు తగిలే పైపొర ఊడిపోయి ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లు పల్టీ కొట్టాయి. తయారీ లోపంతో పాటు తక్కువ గాలి, ఎండ వేడి మీద కూడా అప్పుడు పెద్ద చర్చ జరిగింది. ఆ తర్వాత వచ్చిన చట్టం వల్లే అక్కడ కొత్త కార్లలో గాలి తగ్గితే హెచ్చరించే పరికరం తప్పనిసరి అయింది.

హిమపాతం:
మంచు పడేచోట నడిపేవాణ్ణి. ఇక్కడా ఇదే తప్పు చేస్తారు, లాగేవి ముందు చక్రాలే కదా అని మంచు టైర్లు ముందు రెండే వేయిస్తారు. బండి బాగానే కదులుతుంది, మొదటి వంపులో వెనక భాగం ముందుకొస్తుంది. చలి 7 డిగ్రీల కిందికి దిగితే మామూలు టైరు రబ్బరు గట్టిపడుతుంది. వేస్తే నాలుగూ వేయాలి.

మట్టిరోడ్డు:
మంచు సంగతి వేరు. ఇక్కడ అడిగింది వాన గురించి. ఉన్నమాట చెబుతున్నాను, మీరంతా నడపడం రానివాళ్ళ కోసం మాట్లాడుతున్నారు. వానలో వేగం తగ్గించుకుని, వంపులో బ్రేక్ తొక్కకుండా వెళితే వెనక ఎందుకు జారుతుంది? బండి జారిందంటే నడిపినవాడి తప్పు. టైరు ఎక్కడుందన్నది తర్వాతి మాట.

వానదారి:
నడిపినవాళ్ళ తప్పు అన్నారు కాబట్టి చెబుతున్నాను. నడిపింది మా చెల్లెలు. వేగంగా పోలేదు. చాలా రోజుల ఎండ తర్వాత పడిన మొదటి వాన, రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము తడిసి జారుడుగా ఉన్నాయి. వంపులో నీళ్ళు నిలిచిన చోట వెనక ఊగింది, భయపడి కాలు తీసేసింది, బండి తిరిగి రెయిలింగ్‌కి కొట్టుకుంది. మోచేయి విరిగి మూడు నెలలు స్టీరింగ్ ముట్టలేదు. ఇప్పటికీ వాన పడితే బండి తీయదు. తప్పు తనదేనా?

మట్టిరోడ్డు:
మీ చెల్లెల్ని అనలేదు. కానీ వెనక టైర్లు ఎంత అరిగి ఉన్నాయో చెప్పలేదు మీరు.

వానదారి:
2 మి.మీ. ఉన్నాయి. ముందు కొత్తవి. కొత్తవి ముందు వేయించింది నేనే. షాపతను వెనక వేద్దామంటే, మీరు చెప్పిన మాటలే చెప్పి వాదించి మరీ ముందు వేయించాను. నేను నడిపినన్నాళ్ళూ ఏమీ కాలేదు, ఎందుకంటే ఆ బండి వెనక తేలికగా ఊగుతుందని నా చేతులకు తెలుసు. తాళం తనకిచ్చినప్పుడు ఆ సంగతి చెప్పాలని కూడా తోచలేదు. స్టీరింగ్ కొత్త టైర్ల మీద గట్టిగా ఉంటే వెనక పరిస్థితి లోపల కూర్చున్నవాళ్ళకి ఎలా తెలుస్తుంది?

టార్క్‌రెంచ్:
అదే అసలు సంగతి. ముందు అరిగితే స్టీరింగ్ చెబుతుంది. వెనక అరిగితే జారేదాకా ఏమీ చెప్పదు.

మట్టిరోడ్డు:
నా బండి నేనొక్కణ్ణే నడుపుతాను. నా వరకు బ్రేకే ముఖ్యం, ఆ లారీ వెనక భాగం ఇంకా కళ్ళ ముందే ఉంది. ఇంట్లో నలుగురు నడిపే బండి అయితే మీరన్నట్టు వెనకే వేయించండి, దానికి అడ్డు చెప్పను. నా బండికి మాత్రం ముందే. మీ చెల్లెలు కోలుకున్నందుకు సంతోషం.

వానదారి:
మీ అబ్బాయికి లైసెన్స్ వచ్చాక ఏం చేస్తారు?

కొత్తలైసెన్స్:
అందరికీ ధన్యవాదాలు. ఇవాళ గాడులు కొలిపించాను. ముందు 2 మి.మీ., వెనక 4. వెనకవాటిలో ఒకదాని మీద అచ్చువేసిన కోడ్‌లో చివరి నాలుగు అంకెలు 1115 ఉన్నాయి. అంటే అది తయారైంది 2015లో 11వ వారం అట. పక్కగోడ మీద సన్నటి పగుళ్ళు కూడా కనిపించాయి. ఈ బండి నేనూ మా అమ్మా ఇద్దరం నడుపుతాం. ఆ పగిలిన టైరు ముందుకు తెచ్చి వేయడం కూడా తప్పే కదా?

టార్క్‌రెంచ్:
తప్పే. అది ఎటూ పనికిరాదు. ఇంకో నెల ఆగి నాలుగూ ఒకేసారి మార్చండి, అప్పటిదాకా వాన పడితే బండి తీయకండి.

మట్టిరోడ్డు:
ఈ ఒక్క మాటతో నేనూ ఒప్పుకుంటాను.