రేజర్ పద్ధతి: ఎఫ్‌పీజీఏపై చేసి చూడవచ్చా?

ప్రశ్న (ఎం.టెక్. విద్యార్థి, అనంతపురం):
చిప్‌ను రూపొందించేటప్పుడు ప్రాసెస్ (తయారీలో వచ్చే తేడాలు), వోల్టేజీ, ఉష్ణోగ్రత మూడూ ప్రతికూలంగా ఉంటాయనుకొని టైమింగ్‌లో మార్జిన్ (అదనపు సమయం) వదులుతాము. అలాంటి పరిస్థితి అరుదు కనుక మిగతా కాలమంతా ఆ మార్జిన్ వృథాయే. చిప్ నడుస్తుండగానే తన ఆలస్యాన్ని తానే గమనించి వోల్టేజీని సర్దుకొనే రేజర్ పద్ధతిని ప్రాజెక్టుగా తీసుకోవాలనుకుంటున్నాను. మా ల్యాబ్‌లో ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ను మనమే మళ్లీ మళ్లీ అమర్చుకోగల చిప్) బోర్డు మాత్రమే ఉంది. దానిపై సాధ్యమేనా? ఇక్కడి వేసవిలో ఫలితాలు తారుమారవుతాయా?

జవాబు (కర్నూలు):
సాధ్యమే. 2003లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించిన ఈ పద్ధతిలో, కీలకమైన ఫ్లిప్‌ఫ్లాప్‌కు (క్లాక్ సంకేతం రాగానే ఒక బిట్‌ను పట్టి ఉంచే భాగం) తోడుగా, కాస్త వెనుకగా వచ్చే క్లాక్‌తో నడుస్తూ అదే డేటాను మళ్లీ పట్టే షాడో లాచ్ ఉంటుంది. రెండింటి విలువలు కలవకపోతే డేటా ఆలస్యమైనట్టే; అప్పుడు షాడోలోని విలువతో పైప్‌లైన్‌ను (దశలవారీగా సాగే గణనను) సరిచేస్తారు. తప్పులు పెరిగితే వోల్టేజీ పెరుగుతుంది, తగ్గితే దిగుతుంది. డైనమిక్ పవర్ వోల్టేజీ వర్గానికి అనుపాతంలో ఉంటుంది కనుక, అదే ఫ్రీక్వెన్సీలో 1.0 వోల్టు నుంచి 0.9కు దిగినా 19 శాతం ఆదా అవుతుంది.

అయితే బోర్డుపై కోర్ వోల్టేజీ సాధారణంగా స్థిరంగా ఉంటుంది. కాబట్టి దానిని కదపకుండా ఫ్రీక్వెన్సీని మెల్లగా పెంచుతూ, తప్పులు ఎక్కడ మొదలవుతాయో చూడండి. షాడో రిజిస్టర్‌కు (ఇక్కడ లాచ్ స్థానంలో వాడే ఫ్లిప్‌ఫ్లాప్) క్లాక్ మేనేజర్ (చిప్‌లో క్లాక్‌లను తయారుచేసే భాగం) నుంచే ఫేజ్ మార్చిన, అంటే కాస్త వెనుకకు జరిపిన, క్లాక్ ఇవ్వండి.

జవాబు (కడప):
పై సలహా సరైనదే కానీ, అసలు చిక్కు పొట్టి పాత్‌ల (డేటా త్వరగా చేరే దారుల) దగ్గర వస్తుంది. షాడో క్లాక్ 2 నానోసెకన్లు వెనుక ఉన్నప్పుడు ఏదైనా పాత్ 1.5 నానోసెకన్లలోనే ముగిస్తే, తరువాతి సైకిల్ డేటా షాడోలోకి చొరబడి లేని తప్పును చూపుతుంది. అందుకే కనీస ఆలస్యానికి కూడా కన్‌స్ట్రెయింట్ (డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చే షరతు) పెట్టాలి. రెండు రిజిస్టర్లనూ పక్కపక్కనే ఉంచాలి, లేకుంటే వైరింగ్ తేడాయే తప్పుగా నమోదవుతుంది. చిప్ తయారీలో ఇందుకోసం ఆలస్యాన్ని పెంచే బఫర్లు చేర్చవలసి వస్తుంది, అవీ పవర్ తింటాయి. కాబట్టి అన్ని ఫ్లిప్‌ఫ్లాపులకూ షాడో తగిలించడం నాకు సమ్మతం కాదు.

ఎండ సంగతి: వేడెక్కితే సర్క్యూట్ నెమ్మదిస్తుందన్నది అన్నివేళలా నిజం కాదు. తక్కువ వోల్టేజీలో చల్లగా ఉన్నప్పుడే నెమ్మదించవచ్చు. చిప్ లోపల ఉష్ణోగ్రత సెన్సర్ ఉంటే దాని రీడింగును ప్రతి తప్పుల లెక్క పక్కనే నమోదు చేయండి.

ప్రశ్నించినవారు:
కృతజ్ఞతలు సర్. ఎఫ్ఐఆర్ ఫిల్టర్‌లో (సిగ్నల్ విలువలను గుణించి కూడే డిజిటల్ ఫిల్టర్) కూడిక ఫలితపు పై బిట్లకే షాడో పెడితే చాలునా?

జవాబు (కర్నూలు):
క్యారీ (కూడికలో పై స్థానానికి వెళ్లే అంకె) చివరగా చేరేది అక్కడికే కనుక మొదలుపెట్టడానికి చాలును. టైమింగ్ రిపోర్టుతో మాత్రం సరిచూసుకోండి. నెమ్మదిగా మారే ఇన్‌పుట్ ఒక్కటే ఇస్తే పొడవైన క్యారీ కదలకపోవచ్చు, తప్పులు లేవని ఫ్రీక్వెన్సీని మితిమీరి పెంచేస్తారు. యాదృచ్ఛిక డేటాతో కూడా నడిపి, రెండు సందర్భాల్లోనూ ఫ్రీక్వెన్సీతో తప్పులు ఎలా మారాయో చూపే గ్రాఫులను ఇక్కడ పెట్టండి.