కొలనులో చేసిన సాధన కక్ష్యలో ఎంతవరకు అక్కరకు వస్తుంది?

ప్రశ్న:
అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం భాగాలను కలపడానికి వెళ్లే వ్యోమగాములు హ్యూస్టన్‌లోని ఒక భారీ కొలనులో ఎంతోకాలం సాధన చేసేవారని చదివాను. నీటిలో తేలడం, భారరహిత స్థితి ఒకటి కావు కదా. మరి అక్కడి సాధన పైన ఎంతవరకు పనికివస్తుంది?

మొదటి సమాధానం:
మీ సందేహం సబబైనదే. 62 మీటర్ల పొడవు, 12 మీటర్ల లోతు ఉన్న ఆ కొలనులో కేంద్రం భాగాల నమూనాలను అసలు కొలతలతోనే అమరుస్తారు. డైవర్లు స్పేస్‌సూట్‌కు బరువులు, తేలిక ముక్కలు చేర్చి, అది పైకి తేలకుండా, అడుక్కి మునగకుండా నిలిచేలా సరిచేస్తారు. అయితే అలా నిలిచేది సూటు మాత్రమే. అందులోని మనిషికి తన బరువు ఎప్పటిలాగే తెలుస్తూ ఉంటుంది. తలకిందులుగా పనిచేయవలసి వచ్చినప్పుడు ఆ భారమంతా భుజాల మీదే పడుతుంది. ఇంకో తేడా కూడా ఉంది. నీటిలో కదిపిన వస్తువును నీరే కాసేపటికి ఆపేస్తుంది, కక్ష్యలో మాత్రం దాన్ని మనమే ఆపాలి. అందుకే బరువైన వస్తువులను కదపడం ఎలా ఉంటుందో కంప్యూటర్ సృష్టించిన దృశ్యాల మధ్య విడిగా నేర్పుతారు. ఏ పిడిని ఎప్పుడు పట్టుకోవాలి, పనిముట్టును ఎక్కడ తగిలించాలి అన్న వరుస ఒంటబట్టడానికి మాత్రం కొలనుకు సాటి లేదు.

రెండో సమాధానం:
చేతి తొడుగుల సంగతి కూడా చెప్పాలి. సూటులో గాలి నిండి ఉంటుంది కనుక పిడికిలి బిగించిన ప్రతిసారీ బంతిని నొక్కినంత శ్రమ అవుతుంది. కొలనులోనూ సూటును అలాగే గాలితో నింపుతారు కాబట్టి, ఆరేడు గంటల పనికి వేళ్లు అక్కడే అలవాటుపడతాయి.

మూడో సమాధానం:
1998 డిసెంబరులో ఎండీవర్ అనే అమెరికా స్పేస్ షటిల్ చేసిన తొలి కూర్పు యాత్రనే తీసుకోండి. వ్యోమగామి నాన్సీ కరీ షటిల్ రోబోటిక్ చేతితో కేంద్రం తొలి భాగమైన జార్యాను అందుకొని, షటిల్ తీసుకెళ్లిన రెండో భాగం యూనిటీ పైకి చేర్చారు. రెండు భాగాలు కలిసే చోటు కిటికీలోంచి కనిపించనందున ఆమె కెమెరా చిత్రాల మీదే ఆధారపడ్డారు; చూడకుండా చేసే ఈ పని కొలనులో వచ్చేది కాదు, సిమ్యులేటర్‌లో, అంటే అసలు పరిస్థితిని అనుకరించే యంత్రంపై అలవడినదే. ఆ తర్వాత వ్యోమగాములు జెర్రీ రాస్, జేమ్స్ న్యూమన్ మూడుసార్లు బయటికి వెళ్లి, మొత్తం 21 గంటలకు పైగా పనిచేసి కేబుళ్లు కలిపారు. జార్యాపై విచ్చుకోకుండా చిక్కుకున్న యాంటెన్నాలను పొడవాటి కడ్డీతో పొడిచి విడిపించినదీ వారే.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. కొలను, సిమ్యులేటర్ వేర్వేరు పనులు నేర్పుతాయన్నది నాకు ఇంతవరకు తట్టలేదు. ఆ కడ్డీని అసలు ఇలాంటి అవసరం కోసమే తీసుకెళ్లారా?