అంబాసిడర్ టోర్షన్ బార్లు కలిసిపోయాయి, ఏది ఎటుదో తెలియట్లేదు

రాజమండ్రి అంబీ:
నాన్నగారి 1984 మార్క్ 4, పెట్రోల్ బండి. ఆరేళ్లు షెడ్డులోనే ఉండి ఇప్పుడు బయటికొచ్చింది. ముందు ఎడమవైపు రెండు వేళ్ల మందం దిగిపోయింది, గతుకు పడితే టక్కుమంటోంది. బుష్‌లన్నీ (కీళ్ల దగ్గరి రబ్బరు తొడుగులు) మార్పిద్దామని ముందు భాగం విప్పిస్తే, విప్పిన కుర్రాడు రెండు టోర్షన్ బార్లూ (స్ప్రింగుకి బదులు మెలిపడి బరువు మోసే స్టీలు కడ్డీలు) గుర్తు పెట్టకుండా ఒకే మూల పడేశాడు. "రెండూ ఒకటే సార్, ఎటు వేసినా పర్లేదు" అంటున్నాడు. నిజమేనా? దిగిన వైపు కొత్త బారు కొనాలా? టెన్షన్‌గా ఉంది.

ఆటోనగర్ పాతకాపు:
బాబూ, ముందు ఆ కుర్రాణ్ణి ఆపు. చూడ్డానికే ఒకటి. బండి బరువుకి ఎడమ బారు ఒకవైపు, కుడి బారు దానికి ఎదురువైపు మెలిపడతాయి. ఇన్నేళ్లు ఒకవైపు మెలిపడి అలవాటైన స్టీలుని రెండోవైపు తిప్పితే విరగొచ్చు. చివర్లు కిరసనాయిలుతో కడిగి చూడు, అక్షరమో పంచి గుర్తో దొరకొచ్చు. దొరక్కపోతే జత కొత్తది కొను, జూదం వద్దు. బారు మీద సుత్తి దెబ్బ, పైపు రెంచి గాటు పడనివ్వకు. విజయవాడలో నా షెడ్డుకి ఒకసారి రెండు ముక్కలైన బారు వచ్చింది. పగులు మొదలైంది గోరంత గాటు దగ్గరే.

ఇక దిగిపోవడం సంగతి. చక్రాన్ని పట్టుకునే కింది ఆర్మ్ రబ్బరు బుష్ అరిగినా అటువైపు వాలుతుంది. బారుని తిట్టేముందు అది చూడు. కొత్త బుష్‌ల బోల్టులు బండి గాల్లో ఉండగా బిగించొద్దు. చక్రాలు నేలమీద ఆని, బరువు పడ్డాకే బిగించాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలి మీదే ఉండి తొందరగా చిరిగిపోతుంది. ఈ ఒక్క మాట వినక ఏటా బుష్‌లు మార్చుకునేవాళ్లు నాకు తెలుసు.

లెస్టర్ మైనర్:
అన్నా, నాది ఇంగ్లండులో మోరిస్ మైనర్, మీది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సంతానం. పార్టులు కలవవు గానీ టోర్షన్ బార్ల పద్ధతి అదే. బిగించేటప్పుడు కింది ఆర్మ్ కింద జాకీ తప్పనిసరి, జారితే చెయ్యి పోతుంది. ఎత్తు సరిపోకపోతే స్ప్లైన్ (బారు చివర ఉండే పళ్లు) ఒక పన్ను జరిపి చూడండి.

రాజమండ్రి అంబీ:
పాతకాపు గారూ, ఒక బారు చివర మసి కింద అక్షరం దొరికింది! ఎడమ బుష్ చూస్తే సగం అరిగి, ఆర్మ్ ఇనుముకి ఇనుము రాసుకుంటోంది. బార్లు ఎటువి అటే వేయించాను. నాలుగు రోజులు తిప్పాక కొలిస్తే తేడా అర వేలు. స్ప్లైన్ జరపమంటారా, వదిలేయమంటారా?

ఆటోనగర్ పాతకాపు:
వదిలెయ్. వీల్ అలైన్‌మెంట్ చేయించు. గ్రీజు నిపిళ్లు మాత్రం మరిచిపోకు.