చర్చ: కోరల్ తీసేసి ట్యాంకంతా ఎనిమోన్లకే ఇయ్యాలంటే

నయీంనగర్ ట్యాంకు:
ఉప్పునీళ్ల ట్యాంకు 3 × 1.5 × 1.5 అడుగులు, కింద 2 అడుగుల సంప్ (నీళ్లు వడగట్టే తొట్టి), నడవబట్టి రెండేండ్లు. లోపల కోరల్ అంటే పగడాలు: హామర్ అనే రాతి పగడం రెండు గుత్తులు, టోడ్‌స్టూల్ లెదర్ అనే పెద్ద మెత్తటి పగడం ఒకటి, రెండు రాళ్ల నిండా జోవాలు (గుండీల లెక్క ఉండే చిన్న జీవులు). అన్నీ తీసి బబుల్ టిప్ ఎనిమోన్లు (పాదంతో రాయికి అతుక్కుని చేతులు ఊపే మెత్తటి సముద్ర జీవులు) మాత్రమే పెట్టాలని ఉన్నది. ముందు ఏది తీయాలె? ఎన్ని ఎనిమోన్లు పడతయి? లైటు రాయి మీద పార్ (జీవులకు అందే వెలుతురు కొలత) 120 చూపిస్తున్నది, సరిపోతదా? ఓసెలారిస్ క్లౌన్ చేపల జంట ఉన్నది, అవి ఎనిమోన్ ఎక్కి అందుల ఉంటయా? హామర్ అమ్మొచ్చా?

కాజీపేట జంక్షన్:
అన్నా, లైటు పక్కకు పెట్టు. వేవ్‌మేకర్‌కు (నీళ్లు కదిలించే మోటారుకు) స్పాంజి తొడిగినవా లేదా, ముందు అది చెప్పు. కోరల్ పెట్టిన కాడ ఉంటది, ఎనిమోన్ నడుస్తది. కొత్త ట్యాంకుల మొదటి రెండు వారాలు జాగ వెతుక్కుంట తిరుగుతది, అదీ ఎక్కువగా లైటు ఆరినంకనే. వేవ్‌మేకర్‌కు కంపెనీ ఇచ్చే జాలీ సందులు దానికి ఒక లెక్క కాదు. ఒక్కసారి లోపలికి గుంజిందంటే తెల్లారేసరికి నీళ్లు పాలలెక్క అయితయి, స్కిమ్మర్ (నురగతో మురికి తీసే డబ్బా) పొంగి నేల మీదికొస్తది, చేపలు పైకొచ్చి నోరు కొట్టుకుంటయి.
అంగుళం మందం ముతక స్పాంజి తీసుకో. నీళ్లు గుంజే దిక్కు మొత్తం కప్పాలె, వదిలే దిక్కు మూయొద్దు. నైలాన్ ట్యాగ్‌తో బిగించు, రబ్బరు బ్యాండు ఉప్పునీళ్లల్ల నిలవది. నాలుగైదు రోజులకోసారి తీసి పిండు, లేకుంటే మురికి పట్టి నీళ్ల తోపు సగమైతది, మోటారు వేడెక్కుతది. నీళ్లు సంప్‌లకు దిగే ఓవర్‌ఫ్లో పళ్లకు ప్లాస్టిక్ జాలీ. హీటర్ ఉంటే సంప్‌లకు మార్చు, దాన్ని అతుక్కుంటే పాదం కాలుతది. ఇవి కాకముందు ఎనిమోన్ ఇంటికి తేవద్దు.

ఉప్పునీళ్ల కరీంనగర్:
స్పాంజి సరే, అది ఎల్కేజీ పాఠం. డోసర్ (నీళ్లలోకి రోజూ ఖనిజాలు పోసే పంపు) గురించి ఒక్కరూ ఆలోచించరు. ఆల్కలినిటీని, కాల్షియాన్ని తినేది ఎక్కువగా హామరే. రోజుకు 1 డీకేహెచ్ (ఆల్కలినిటీ కొలత) తింటున్నదనుకోండి, డోసర్ అంతే పోస్తుంటుంది. హామర్ తీసిన మర్నాటి నుంచి వాడకం రాళ్లకు పట్టే గట్టి నాచు కోరలైన్ ఆల్గేది మాత్రమే, 0.1 లేదా 0.2. డోసర్‌కు ఆ సంగతి తెలియదు. 8.5 దగ్గర మొదలైతే ఐదు రోజుల్లో 12 దాటిపోతుంది. పంపుల మీద తెల్లటి పెళ్ల కడుతుంది, ఎనిమోన్ ముడుచుకుని కూర్చుంటుంది, మీరేమో లైటును తిడుతుంటారు.
హామర్ తీసే రోజే డోసర్ ఆపండి. వారం పాటు రోజూ ఒకే వేళకు హన్నా చెకర్ అనే ఆల్కలినిటీ మీటరుతో చూడండి. తగ్గిన మేరకే మళ్లీ మొదలుపెట్టండి. 8 నుంచి 9 మధ్య నిలబడితే చాలు. కాల్షియం 400–450, మెగ్నీషియం 1250–1350, ఉప్పు 35 పీపీటీ (వెయ్యి పాళ్లకు 35), వేడి 25–27 డిగ్రీలు. నైట్రేట్ సున్నా చేయొద్దు, 2–10 ఉండాలి. ఫాస్ఫేట్ తీసే జీఎఫ్‌ఓను కూడా సగానికి తగ్గించండి.
తీసే వరుస: ముందు లెదర్. తెగినా గీసుకున్నా అది నీళ్లలోకి విషం వదులుతుంది. ఆ రోజే విషాన్ని పీల్చే బొగ్గు, 200 గ్రాముల కార్బన్ కొత్తగా పెట్టి, పది రోజులకు మార్చండి. తర్వాత జోవాలు. ఆఖరున హామర్. ఒక్కోదానికి మధ్య పది రోజులు. రాళ్లన్నీ ఒకేసారి బయటపెడితే బాక్టీరియా కూడా రాళ్లతోనే పోతుంది, అమ్మోనియా లేస్తుంది. ఒక విడతలో మూడో వంతు రాయి మించొద్దు.

మగ్గం సిరిసిల్ల:
జోవా రాళ్ల ముచ్చట ఇంకొంచెం గట్టిగ చెప్పాలె. రాయిని నీళ్లల్లనే బకెట్‌లకు దించి అట్లనే బయటికి తేవాలె. బ్రష్‌తో రుద్దొద్దు, ఎండిన రాయిని చెక్కొద్దు, ఎన్నడూ ఉడకబెట్టొద్దు. కొన్ని జోవాలల్ల, ముఖ్యంగ పాలిథోవాలల్ల, పాలిటాక్సిన్ అనే గట్టి విషం ఉంటది. ఉడకబెడితే ఆవిరిల కలిసి ఇంట్ల అందరి ఊపిరితిత్తులకు పోతది. చేతులకు గ్లవ్స్, కండ్లకు అద్దాలు. చేతి మీద చిన్న గాయమున్నా ఆ రోజు పని పెట్టుకోవద్దు.

లాయరును కాదు:
హామర్ అమ్మకం గురించి. రాతి పగడాలన్నీ, అంటే స్క్లెరాక్టీనియా మొత్తం, 2001 జులై నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. హామర్ అందులోదే. అమ్మడం కొనడం రెండూ నేరం, ఫొటో పెట్టి ధర రాయడం మీ మీద మీరే సాక్ష్యం రాసుకోవడం. లెదర్, జోవాలు ఆ వర్గంలో లేవు. ఎనిమోన్లు కూడా ఆ జాబితాలో లేవు. అయినా మన్నార్ సింధుశాఖ జాతీయ పార్కు నుంచి దొంగగా తెచ్చినవి కొనకండి. ట్యాంకులో చీలి పుట్టిన బబుల్ టిప్ పిల్లలే అడగండి, అవి బతికే అవకాశం కూడా ఎక్కువ.

పిన్ 506:
అందరూ అన్నీ చెప్పిన్రు. నీళ్లు ఏవి పోస్తున్నడో మాత్రం ఒక్కరూ అడగలే. ట్యాంకు పైసలకన్నా నీళ్లే ముఖ్యం. ఈ మధ్య అమ్మే వంటింటి ఆర్వోలల్ల చాన వాటికి ఆఖరున రాగి క్యాట్రిడ్జ్ ఉంటున్నది, డబ్బా మీద 'కాపర్' అని పెద్దగ రాస్తరు. ఆ నీళ్లు ఎనిమోన్‌కు మందు కాదు, విషం. నయీంనగర్ అన్నా, నీ మిషిన్ ఏది?

సుబేదారి సార్:
అతి చేయకండి. ఆర్వో అంటే ఆర్వోనే. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) 60 వస్తే తాగుతున్నాం, చేపలూ బతుకుతున్నాయి. స్కాట్లండ్‌లో డాలియెల్ అనే ఆయన 1828లో పట్టిన ఎనిమోన్ 1887 దాకా గాజు సీసాలో బతికింది. ఆయనకు ఆర్వో ఉందా, మిగిలిన లవణాలు కూడా తీసే డీఐ రెసిన్ ఉందా, టీడీఎస్ మీటరుందా?

పిన్ 506:
సారూ, ఆయన సముద్రం ఒడ్డున ఉన్నడు, సముద్రపు నీళ్లే మార్చుకుంట పోయిండు. మన దగ్గర సముద్రం ఎక్కడున్నది, భద్రకాళి చెరువులనా? ఇంకోటి, అది చల్ల సముద్రపు బీడ్‌లెట్ ఎనిమోన్. దాని ఒంట్ల ఆల్గే ఉండదు, లైటు అక్కరలేదు. మనం మాట్లాడేది లోపల జూగ్జాంతెల్లే అనే ఆల్గేను పెట్టుకుని బతికే జీవి గురించి. రెండింటి పేరు ఒకటైతే లెక్క ఒకటి కాదు.

సుబేదారి సార్:
పేర్లు నాకూ తెలుసు. తాగే నీళ్లలో ఉండే రాగి ఎంత? చుక్కంత. రాగి చెంబులో నీళ్లు మన పెద్దలు తాగలేదా?

ఉప్పునీళ్ల కరీంనగర్:
చుక్కంత అన్నమాట దగ్గరే తేడా. తాగే నీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం రాగి లీటరుకు 0.05 మిల్లీగ్రాములు ఉండొచ్చు, వేరే నీళ్ల దిక్కు లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. చేపల తెల్లమచ్చ జబ్బుకు మందుగా వేసే రాగి 0.2 చుట్టుపక్కల. ఆ మందు వేసిన ట్యాంకులో రొయ్య, నత్త, ఎనిమోన్ ఏదీ మిగలదని పెట్టె మీదే రాసుంటుంది. మనిషికి చట్టబద్ధమైన నీళ్లు ఎనిమోన్‌కు మందు మోతాదును మించొచ్చు. పైగా రోజూ ఆవిరైన నీళ్లకు బదులు అవే పోస్తారు. నీళ్లు ఆవిరవుతాయి, రాగి ఆవిరి కాదు. రాళ్లు దాన్ని పీల్చుకుని మెల్లగా వదులుతుంటాయి. మామూలు రాగి కిట్‌కు అంత తక్కువ దొరకదు, సున్నా చూపించి మోసం చేస్తుంది. అనుమానముంటే రాగిని పట్టే క్యూప్రిసార్బ్ రెసిన్ సంచీలో వేసి సంప్‌లో పెట్టండి, రాగి పడితే నీలం రంగుకు తిరుగుతుంది.

సుబేదారి సార్:
అంటే ఆర్వోలన్నీ చెత్తబుట్టలో వేయాలన్నమాట. కొత్తగా 4 స్టేజీల ఆర్వో డీఐ కొనమని అమ్మకపు ప్రచారమా ఇది?

పిన్ 506:
ఏం కొనొద్దు సారూ. కోపం పక్కకు పెట్టి చదువుండ్రి. ఉన్న మిషిన్‌లనే మెంబ్రేన్ నుంచి బయటికొచ్చే తెల్ల పైపు ఉంటది. దాన్ని టీడీఎస్ కంట్రోలర్‌కు ముందే మూడు దారుల టీ జాయింటు ఒకటి పెట్టి చీల్చుండ్రి. కంట్రోలర్ చేసేదే మెంబ్రేన్ దాటని నీళ్లను రుచికి కలపడం, మీ 60 టీడీఎస్ అట్లొచ్చిందే. టీ తర్వాత చిన్న వాల్వు, ఆ తర్వాత డీఐ రెసిన్ డబ్బా. రాగి, మినరల్ క్యాట్రిడ్జ్‌లు ఇంకో కొమ్మ మీద తాగే నీళ్లకే ఉండనీయుండ్రి. యూవీ, యూఎఫ్ మనకు అక్కరలేదు. 80 జీపీడీ (రోజుకు 80 గ్యాలన్ల) మెంబ్రేన్ లెక్కకు గంటకు 12 లీటర్లు, మన ప్రెజర్‌కు తక్కువే వస్తది. మిషన్ భగీరథ నీళ్లు వచ్చేటోళ్లు కార్బన్ క్యాట్రిడ్జ్ టైముకు మార్చాలె, క్లోరిన్ మెంబ్రేన్‌ను తింటది.

రామగుండం పవరు:
నీళ్ల పంచాయితీ అయిపోతే ఎండకాలం సంగతి చూడుండ్రి. మే నెలల 44 డిగ్రీలు. ఎనిమోన్ 29 దాటితే రంగు వదులుడు మొదలుపెడ్తది. ఈ సైజుకు 1/10 హెచ్‌పీ చిల్లర్ కావాలె, దాన్ని మూసిన అర్రల పెడితే అర్రనే వేడిచేస్తది. చిల్లర్ లేనోళ్లు నీళ్ల మీద ఫ్యాను పెడ్తరు. ఏప్రిల్, మే పొడి గాలిల 3 డిగ్రీల దాక దిగుతది, జులై ముసురుల ఏమీ దిగది. కానీ ఫ్యానుకు రోజుకు 5–6 లీటర్లు ఆవిరి. 190 లీటర్లల్ల 6 పోతే ఉప్పు 35 నుంచి 36కు ఒక్క రోజుల ఎక్కుతది. ఆవిరైనంత నీళ్లు తానే పోసే ఆటో టాప్ ఆఫ్ లేకుంట ఫ్యాను పెట్టుడు దండగ.
కరెంటు పోతే ఇన్వర్టర్ మీద చిల్లర్ నడవది, స్టార్టింగ్ లోడుకు ట్రిప్ అయితది. వేవ్‌మేకర్, రిటర్న్ పంపు కలిపి 55 వాట్లు అనుకుంటే 150 ఏహెచ్ బ్యాటరీ రాత్రంత లాగుతది. ముందు నీళ్లు కదలాలె, చల్లదనం తర్వాత.

కాజీపేట జంక్షన్:
కరెక్టు. రిటర్న్ పంపు గుంజే కాడ కూడ స్పాంజి పెట్టుండ్రి.

మగ్గం సిరిసిల్ల:
మేత గురించి ఎవరూ అనలే. బొచ్చె, రవు ముక్కలేసుడు మానుండ్రి, మంచినీళ్ల చేప రోజూ మేతకు పనికిరాదు. ఉప్పు, మందు తగలని పచ్చి రొయ్య తీసుకుని పొట్టు వలిచి, ఆర్వో నీళ్లతోని కడిగి, చిటికెన వేలి గోరంత ముక్కలు కోసి గడ్డకట్టించుండ్రి. వారానికి రెండుసార్లు, ఒక్కోదానికి ఒక్క ముక్క. పెద్ద ముక్క పెడితే మింగినట్టే మింగి రాత్రికి కక్కుతది, అది కుళ్లి నైట్రేట్ లేస్తది. రొయ్యపొట్టు అసలే వద్దు, ఉప్పు బెట్టిన సరుకు. వచ్చిన మొదటి వారం ఏమీ పెట్టొద్దు.

నయీంనగర్ ట్యాంకు:
నా మిషిన్‌కు రాగి క్యాట్రిడ్జ్ ఉన్నది. టీ పెట్టిస్త. లైటు, లెక్క, చేపలు మాత్రం ఇంకా మిగిలినయి.

ఉప్పునీళ్ల కరీంనగర్:
బబుల్ టిప్‌కు పార్ 150–250 మంచిది. 120 బతికే గీత మీద ఉంది, రాయి పైభాగాన పెట్టండి. లైటు పెంచితే 50 శాతం నుంచి మొదలుపెట్టి మూడు వారాల్లో ఎక్కించండి. పైకి పాకి సన్నగా సాగుతుంటే లైటు తక్కువ, గుహలోకి దూరుతుంటే ఎక్కువ. చేతుల చివర బుడగలు రాలేదని లైటు పెంచేవాళ్లున్నారు. అవి వస్తాయి, పోతాయి, దాన్ని బట్టి ఏమీ తేల్చలేం.
మొదట రెండు చాలు, రెండూ ఒకే తల్లి నుంచి చీలినవి. అవే చీలి నాలుగవుతాయి. మధ్యలో రాయి, దానికి పాదం దిగేంత బొక్క, చుట్టూ అద్దం దాకా 15 సెంటీమీటర్లు ఒట్టి ఇసుక వదిలితే ఆ దిబ్బ మీదే ఉండే అవకాశం ఎక్కువ. కార్పెట్ ఎనిమోన్ కలపొద్దు. అది అడుగున్నర దాటి పెరుగుతుంది, చేపల్ని మింగుతుంది.
కొనేటప్పుడు నోరు బిగిసి ఉందా, పాదం చిరిగిందా చూడండి. నోరు తెరిచి పేగులు బయటపడితే ముట్టుకోవద్దు. వాసన కొడితే అది చచ్చినట్టే. సంచీ 20 నిమిషాలు తేలనిచ్చి, గంటసేపు చుక్క చుక్క నీళ్లు కలిపి, సంచీ నీళ్లు పారబోసి జీవిని మాత్రమే దించండి. అతుక్కునేదాకా పంపు ధార దాని మీదికి రానివ్వొద్దు.
ఓసెలారిస్ సముద్రంలో బబుల్ టిప్ ఎక్కదు. దానివి మాగ్నిఫికా, జైగాంటియా, మెర్టెన్సీ అనే వేరే ఎనిమోన్లు. ట్యాంకులో కొన్ని ఎక్కుతాయి, కొన్ని ఏడాదైనా తిరిగి చూడవు. అద్దానికి ఎనిమోన్‌లో కూర్చున్న చేప ఫొటో అతికిస్తే ఎక్కుతాయని చెప్పేవాళ్లను నమ్మకండి. ఎక్కినా ఎనిమోన్ 10 సెంటీమీటర్ల లోపుంటే పెద్ద జంట రుద్ది రుద్ది దాన్ని పడుకోబెడుతుంది. పెరిగేదాకా చిల్లుల బుట్ట బోర్లించండి.

సుబేదారి సార్:
ఒక చిన్న సందేహం, వాదన కోసం కాదు. ఆ తెల్ల పైపు క్వార్టర్ ఇంచేనా? రెసిన్ ఎన్ని లీటర్లకు మార్చాలి?

పిన్ 506:
క్వార్టరే సారూ. లీటర్ల లెక్క పెట్టుకోవద్దు, వచ్చే నీళ్ల టీడీఎస్ ఎంతో దాన్ని బట్టి ఉంటది. డీఐ డబ్బా తర్వాత మీటరు పెట్టుండ్రి. 0 పోయి 1 చూపిన రోజే మార్చుండ్రి, 5 అయ్యేదాక ఆగితే పట్టుకున్నదాన్ని తిరిగి వదులుతది. మిషిన్ ఆన్ చేసినంక మొదటి రెండు నిమిషాల నీళ్లు కుండీల చెట్లకు పోయుండ్రి, నిలువ ఉన్న మెంబ్రేన్ మొదట ఎక్కువ టీడీఎస్ వదులుతది.