రాగి తిన్న రొయ్యా, తినని రొయ్యా?

గోదారిగట్టు: రెండ్రోజులుగా ఒక పద్యపాదం బుర్రలో తిరుగుతోంది, మిగతా మూడూ ఎంత తన్నుకున్నా రావట్లేదు. ఇంటర్‌లో మా జువాలజీ మాస్టారు రొయ్యని కోయించే రోజున చదివేవారు, ఆయనే కట్టారేమో కూడా. 'రాగి తిన్న రొయ్య రక్తమే నీలమౌ'. నా బెంచీవాడు మాత్రం 'తిన్న' కాదు, 'తినని' అంటాడు. వాడిది ఎప్పుడూ మొండిపట్టే.

గురులఘువు: రెండూ కిట్టాయి, అదే చిక్కు. తిన్న హగణం, తినని నగణం, ఆటవెలదికి రెండూ సూర్యగణాలే. రా-ర యతి కూడా పడింది. ఛందస్సు సాక్ష్యం చెప్పదు.

సంగటిముద్ద: అసలు ఇది లోహమని ఎవరన్నారు? మా అనంతపురంలో రాగి తినడమంటే సంగటే. రొయ్యల మేతలో రాగిపిండి కలిపేవారేమో.

చోడంబలి: మాస్టారిది ఏ ఊరో ముందు చెప్పండి. మా శ్రీకాకుళంలో అవి చోళ్ళు, తెలంగాణలో తైదలు. రాగి అంటే మాకు లోహం ఒక్కటే. తమిళంలో చెంబు అంటే ఇప్పటికీ రాగే, మనకి పాత్ర మిగిలి లోహం పోయింది.

గోదారిగట్టు: భీమవరం పక్కనే.

పురుగులపిచ్చి: లోహమేనండీ. మన రక్తంలో ఇనుము చేసే పని రొయ్యల్లో, పీతల్లో రాగి చేస్తుంది. వాటి రక్తంలో ఆక్సిజన్ మోసే ప్రొటీన్ హిమోసయనిన్. అందులో రెండు రాగి పరమాణువులు కలిసి ఒక ఆక్సిజన్ అణువును పట్టుకుంటాయి, పట్టుకున్నప్పుడే నీలం, వదిలేస్తే రంగుండదు. నీళ్లలో ఉన్నవాటికి నీటిలోంచీ కొంత అందుతుంది, గట్టెక్కిన చుట్టాలకి తిండే దిక్కు. తడి పూలకుండీ ఎత్తితే కింద బూడిదరంగు పురుగులు గబగబా పాకుతాయి చూడండి, ఏడు జతల కాళ్లు, కొన్నిరకాలు ఉండ చుట్టుకుంటాయి, అవీ రొయ్య చుట్టాలే. రాలి కుళ్లిన ఆకుల్లోని రాగిని హెపటోపాంక్రియాస్ అనే జీర్ణగ్రంథి కణాల్లో గంధకంతో కలిపి నలుసుల్లా దాచుకుంటాయి. తమ పెంటికలు తామే తింటాయి కూడా. పోయిన రాగిని మళ్లీ రాబట్టుకోడానికే అని 1960లలో వీజర్ అనే ఆయన వాదించాడు.

చోడంబలి: ఉండ చుట్టుకునేదా? రోకలిబండ అనండి, అయిపోతుంది.

పురుగులపిచ్చి: కాదు. రోకలిబండకి ఒక్కో కణుపుకి రెండేసి జతల కాళ్లు, అది రొయ్య చుట్టం కానేకాదు.

సంగటిముద్ద: శ్రీనాథుడంతటివాడు పల్నాట ఏడ్చింది ఈ సంగటి చూసే కదా!

గురులఘువు: అది జొన్నకూడండీ. చాటువు మళ్లీ ఒకసారి చదవండి. ఆయన్ని లాగితే రాత్రంతా ఇక్కడే కూర్చుంటాం.

పురుగులపిచ్చి: 'తిన్న' అన్నా తంటానే. బ్రిటన్ తీరాల్లో ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచు తిని గంతులేసే చిన్న జీవులున్నాయి, వాటిలో రాగి పేగును అంటిపెట్టుకున్న సంచుల కణాల్లో చేరుతుంది, ఆ కణాల ఆయువు తీరాక పెంటతో బయటికి పోతుంది. తిన్నదంతా ఒంట్లో ఉండదు. ఆ కుండీకింది పురుగులు మాత్రం సీసం, కాడ్మియం కూడా పోగేస్తాయి, బ్రిస్టల్ దగ్గర అవన్‌మౌత్ లోహపు కొలిమి చుట్టుపక్కల పట్టినవాటిలో కుప్పలుగా దొరికాయి.

గోదారిగట్టు: బెంచీవాడికి ఫోన్ చేశాను. వాడి పాఠం 'రాగి తినని రొయ్య రక్తమే నీరమౌ' అట!

గురులఘువు: నీరమౌ కూడా రగణమే. చచ్చాం.

పురుగులపిచ్చి: రంగులేని రక్తం... అర్థం కూడా కుదురుతోందే.

గోదారిగట్టు: రెండో పాదం తెలుసట, 'తినని' అని నేను ఒప్పుకుంటేనే చెప్తాడట.

సంగటిముద్ద: మేతలో రాగిపిండి కలుపుతారా లేదా, అది మాత్రం ఎవరూ చెప్పలేదు.