145 మెగాహెర్ట్జ్‌కి 4 సెంటీమీటర్ల కప్లర్: రివర్స్ ఎందుకు తగ్గట్లేదు?

పలాస ఈసీఈ:
అన్నలకి, అక్కలకి నమస్తే. మాది పలాస దగ్గర పల్లె, విజయనగరంలో బీటెక్ ఆఖరి ఏడాది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను మా దగ్గరే తీరం దాటినప్పుడు కరెంటూ ఫోన్లూ పోయి, శ్రీకాకుళంలో ఉన్న మావయ్యకి మేం బాగున్నామని చెప్పడానికే రోజులు పట్టింది. అందుకే ప్రాజెక్టుగా హామ్ సెట్‌కి (ఔత్సాహికుల రేడియో) చిన్న ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ (యాంటెన్నా నుంచి ఎంత పవర్ వెనక్కొస్తోందో చూపేది) చేస్తున్నా, గాలికి యాంటెన్నా పాడైతే వెంటనే తెలియాలని. ఎఫ్ఆర్4 (మామూలు సర్క్యూట్ బోర్డు రకం) బోర్డు మీద 145 మెగాహెర్ట్జ్‌కి పావు తరంగదైర్ఘ్యం దాదాపు 28 సెంటీమీటర్లు, నా డబ్బాలో పట్టదు. అందుకే కప్లర్‌గా (మెయిన్ గీతలో పోయే పవర్‌లో కొంచెం పక్క గీతలోకి లాగి, యాంటెన్నాకి వెళ్లేది ఫార్వర్డ్, వెనక్కొచ్చేది రివర్స్ అని విడిగా చూపేది) 4 సెంటీమీటర్ల గీతలు రెండు పక్కపక్కన వేశా. డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పెట్టే రెసిస్టర్, పవర్‌ని వెనక్కి పంపకూడదు) పెట్టినా రివర్స్, ఫార్వర్డ్ కన్నా 6 డీబీయే (నాలుగో వంతు) కింద ఉంది. పొడవు చాలకేనా? వచ్చే వారం రివ్యూ, టెన్షన్‌గా ఉంది.

చీపురుపల్లి హామ్:
పొడవుని అనుమానించకు తమ్ముడూ. పావు తరంగం దగ్గర కప్లింగ్ (పక్క గీతలోకి వచ్చే పవర్) ఎక్కువ వస్తుంది, అంతే. మీటర్‌కి అంత పవర్ అక్కర్లేదు. పావు తరంగం 90 డిగ్రీలైతే 4 సెంటీమీటర్లంటే సుమారు 13 డిగ్రీలు, అంటే కప్లింగ్ 13 డీబీ తగ్గుతుంది. పావు తరంగానికి మెయిన్ కన్నా 15 డీబీ కింద ఇచ్చే గ్యాప్ అయితే నీకు 28 డీబీ కింద, 5 వాట్ల సెట్ నుంచి 9 డీబీఎం (సుమారు 8 మిల్లీవాట్లు), పవర్ కొలిచే డయోడ్‌కి చాలు. ఫ్రీక్వెన్సీ రెట్టింపైతే కప్లింగ్ 6 డీబీ పెరుగుతుంది కాబట్టి క్యాలిబ్రేషన్ మాత్రం 145 దగ్గరే చెయ్యి.

అసలు చిక్కు మైక్రోస్ట్రిప్‌తోనే (బోర్డు పైన గీత, కింద గ్రౌండ్ రాగి). కింద ఎఫ్ఆర్4, పైన గాలి కావడంతో గీతల మధ్య అయస్కాంత కప్లింగ్ ఎక్కువై, కెపాసిటివ్ కప్లింగ్ తక్కువవుతుంది. ఆ రెండూ సమానంగా ఉంటేనే పక్క గీత ఒక పోర్టులో (చివర) కలుస్తాయి, రెండోదాంట్లో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. రాగి తీసేసిన ఎఫ్ఆర్4 ముక్కని గీతల మీద గట్టిగా నొక్కి చూడు, రివర్స్ తగ్గితే రోగం అదే. అప్పుడు రెండు చివర్లా గీతల మధ్య పికోఫారడ్‌లో కొంత భాగం కెపాసిటెన్స్ కలిపితే చాలు, రాగి రేకు ముక్కతోనే సర్దుకోవచ్చు.

టెక్కలి అక్క:
బాబూ, ముందు ఆ డమ్మీ లోడ్ ఏంటో చెప్పు. లోడే సరిగ్గా లేకపోతే కప్లర్ నిజమే చెప్తోంది, నువ్వు దాన్ని తిడుతున్నావు.

పలాస ఈసీఈ:
47 ఓమ్‌ల 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్ అక్కా.

టెక్కలి అక్క:
అదే అనుకున్నా. లోపల తీగ చుట్ట ఉంటుంది, 145 దగ్గర అది ఇండక్టరే. 1 కిలో ఓమ్ మెటల్ ఫిల్మ్ పావు వాట్‌వి 20 కాళ్లు బాగా కత్తిరించి పారలల్‌గా పెట్టు, 50 ఓమ్‌లు, 5 వాట్లు. కానీ ఎక్కువసేపు కీ నొక్కి ఉంచకు, కాలిపోతాయి. తర్వాత ఇన్‌పుట్, అవుట్‌పుట్ తిప్పి పెట్టు. రీడింగులు కూడా తారుమారవ్వాలి, అవ్వకపోతే ఒక వైపు టెర్మినేషన్ రెసిస్టర్‌ని (పక్క గీత చివర పెట్టేది) అనుమానించు, దాని గ్రౌండ్ వయా (కింది రాగికి కలిపే రంధ్రం) పక్కనే ఉండాలి. టొరాయిడ్ (ఉంగరం మీద తీగ చుట్టిన) కప్లర్ చెయ్యమని ఎవరైనా అంటే హెచ్‌ఎఫ్‌కి (3-30 మెగాహెర్ట్జ్) ఉంచుకో, 10 చుట్లకి 20 డీబీ చక్కగా ఇస్తుంది గానీ 145 దగ్గర తీగ పొడవే ఏడిపిస్తుంది.

పలాస ఈసీఈ:
లోడ్ మార్చగానే 6 కాస్తా 11 అయ్యింది, ముక్క నొక్కితే 18! రాగి రేకు రేపు అతికిస్తా, పోర్టులు తిప్పి చూసి రీడింగులు ఇక్కడే పెడతా.